తగరం ఏడుపు

మొన్న మా బావగారు ఊరినుంచి ఫోన్ చేశారు. మిరప ధర, వానల సంగతి, ట్రాక్టర్ రిపేరు అన్నీ అయ్యాక, పెట్టేసేముందు గుర్తొచ్చినట్టు అన్నారు: "అన్నట్టు, ఆ కళాయి సాయిబు పోయాడంటమ్మా. అదే, తగరంలో సీసం కలిపి మన చిన్నిని చంపబోయాడే, ఆయన."

"అది సీసం కాదు బావగారూ" అన్నాను.

ఎలా అన్నానో నాకే తెలియదు. పదేళ్ళుగా గొంతులో అడ్డంపడి ఉన్న మాట అది. 

"సీసం కాకపోతే మరేంటి? నీకెట్టా తెలుసు?"

"తర్వాత చెప్తా" అని పెట్టేశాను. ఎట్టా తెలుసో ఫోన్లో చెప్పేంత గుండె నాకు లేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఇది ముందు చదివేది బావగారే. మొదట ఆ మనిషి ఎలాంటివాడో చెప్పి, ఆ తర్వాత నేనెలాంటిదాన్నో చెబుతాను. ఈ వరసలో అయితే కాస్త తేలిక.

ఆయన పేరు నాకు తెలియదు. చిలకలూరిపేట నుంచి ఆటోలో అరగంట దూరంలో ఉండే మా అత్తగారి ఊళ్ళో ఎవరికీ తెలియదు. అందరికీ కళాయి సాయిబే. రాగి గిన్నెలకీ ఇత్తడి గుండిగలకీ లోపల తగరం పూత వేయడం ఆయన పని. ఏటా పత్తి మొదటి తీత అయ్యాకే వచ్చేవాడు, ముందు రమ్మన్నా రాడు. పూత వేయడానికి దూది కావాలి. ఆయనకి కొత్త దూదే కావాలి. అదీ ఏ ఇంటి గిన్నెలైతే ఆ ఇంటి చేలో తీసిన పత్తే. గుప్పెడు పత్తి అడిగి తీసుకుని, చూరు కింద గొంతుక్కూర్చుని గింజలు ఒలుచుకునేవాడు.

"ఒకరింటి దూది ఇంకొకరి గిన్నెకి వాడగూడదమ్మా."

"వాడితే ఏమవుద్ది సాయిబు గారూ?"

"ఏమో. మా నాన్న వద్దనేవాడు. ఏమవుద్దో తెలవదు, అందుకే భయం."

ఈ భయం అనే మాట ఆయన నోట రోజుకు ఇరవైసార్లు వచ్చేది. ఉరుమంటే భయం, ఊరకుక్కంటే భయం, పోలీసు జీపు రోడ్డు మీద వెళుతుంటే ఏ తప్పూ చేయకపోయినా లేచి నిలబడేవాడు. అన్నిటికన్నా పెద్ద భయం గిన్నె. ఎవరింట్లో మంచినీళ్ళిచ్చినా గ్లాసు లోపలికి చూసి, వెలుతురుకి తిప్పి ఇంకోసారి చూసి, అప్పుడు ఎత్తేవాడు. స్టీలు గ్లాసయినా సరే. మా అత్తయ్య ఊరుకునేది కాదు.

"ఏం సాయిబూ, మందు కలిపామనుకుంటున్నావా?"

"మీ మీద కాదమ్మా అనుమానం. గిన్నె మీద. మడిసిని ఎప్పుడూ అనుమానించలా నేను."

ఆయన పని చూడటానికి ఊళ్ళో పిల్లలంతా మా గొడ్ల చావిడి దగ్గర చేరేవారు. మొదట గుండిగలో ఇసుకా గోనెపట్టా వేసి, అందులో తనే దిగేవాడు. గుంజ పట్టుకుని, పాదాలు గిన్నె అడుగున ఆనించి, నడుమును ఇటు సగం అటు సగం తిప్పుతూ ఉండేవాడు. ఆ తిప్పుడుకి లోపలి మసీ చిలుమూ అన్నీ ఊడిపోయేవి. పిల్లలు వెనక నిలబడి నడుములు తిప్పేవారు. ఆయన కోప్పడేవాడు కాదు. "అట్టా కాదు, మడమ ఆనించండి" అని నేర్పించేవాడు.

తర్వాత కొలిమి. గిన్నె కాలాక నవాసాగరం పొడి చల్లితే తెల్లటి పొగ గుప్పున లేచేది. అందరం దగ్గేవాళ్ళం. ఆ పొగలోనే తగరం కడ్డీ గిన్నెకి తాకించి, దూదితో ఒక్క చుట్టు చుట్టేవాడు. అంతవరకు ఎర్రగా ఉన్న రాగి లోపల తెల్లటి మెరుపు పరుచుకునేది. నీళ్ళలో ముంచితే బుస్సుమనేది. అప్పుడు తన మొహం అందులో చూసుకుని, ఇంటావిడకి ఇచ్చేవాడు.

"మొహం చూసుకోండమ్మా. కనపడిందా? కనపడితేనే తీసుకోండి."

మా చిన్ని, అంటే బావగారి కూతురు, అప్పటికి ఆరేళ్ళది. తన మొహం కూడా చూపించమని చంక ఎక్కేది. ఆయన ఎత్తుకుని చూపించేవాడు. "కనపడింది తాతా" అనేదాకా దింపేవాడు కాదు.

ఇంకొకటి చెప్పాలి. ఇదే అసలు సంగతి. కొలిమి ముట్టించేముందు ఆయన తగరం కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచేవాడు. మంచి తగరం వంచితే సన్నగా కిర్రుమంటుంది. "ఏడ్చింది" అనేవాడు. ఏడిస్తేనే పని మొదలు. సీసం కలిసిన తగరం ఏడవదు. తగరం ఖరీదు, సీసం చవక. కాబట్టి కొట్టువాళ్ళు కలిపేస్తారని ఆయనకి ఎప్పుడూ అనుమానం.

నేనప్పుడు కొత్త కోడల్ని. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. పేటలో జూనియర్ కాలేజీలో పాఠం చెప్పి వచ్చేదాన్ని. ఆ కొలిమి దగ్గర కూడా నా చదువు ఊరుకోలేదు. లోహంలోని స్ఫటికాలు ఒకదానికొకటి రాసుకోవడం వల్ల ఆ చప్పుడు వస్తుందని ఆయనకి వివరంగా చెప్పాను. చేతులు కట్టుకుని అంతా విన్నాడు.

"అట్టాగా అమ్మా. మరి సీసం ఎందుకు ఏడవదు?"

నాకు తెలియదు. కాలేజీకి టైమైందని లోపలికి వెళ్ళిపోయాను.

నేను కాపురానికొచ్చిన ఏడాది ఆయన కడ్డీని మూడుసార్లు వంచాడు. మొహం పాలిపోయింది.

"సరిగ్గా ఏడవలేదమ్మా. పేటలో పాత కొట్టు మూసేశారు, ఇది కొత్త కొట్లో తెచ్చా. తగరమే మంచిది కాదో, నా చెవులే పోతున్నయ్యో. మీరొకసారి వినండమ్మా, చదువుకున్నోళ్ళు."

కడ్డీ నా చెవి దగ్గర వంచాడు. కిర్రుమంది. సన్నగానే గానీ స్పష్టంగా వినపడింది.

"ఏడ్చింది" అన్నాను.

"నిజంగా?"

"నిజంగా సాయిబు గారూ."

అప్పుడు ముట్టించాడు కొలిమి. వెళ్ళేటప్పుడు ఎప్పటి మాటే చెప్పాడు, ఇంట్లో ఆడవాళ్ళందరినీ పిలిచి. "పీచుతో తోమండి, మెత్తటి బూడిదతో తోమండి. ఇసక వద్దు. ఇనప పీచు అసలొద్దు. పులుపుకి రాగి కనపడగూడదమ్మా. కనపడిందా, పట్టుకుంటది. పట్టుకుంటే వదలదు." మిగతావాళ్ళు పాతికేళ్ళుగా వింటున్నారు. నేను మొదటిసారి విన్నాను. విన్నాను అంటే, తల ఊపాను.

మిరప కోతల వేళకి కనిగిరి వైపునుంచి ఇరవైమంది దాకా కూలీలు దిగారు. కోత మొదలుపెట్టిన రోజు వాళ్ళందరికీ చేలో అన్నం పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. ముందురోజు సాయంత్రమే రాగి గుండిగలో గోంగూర పులుసుకూర వండి ఉంచుతారు. తెల్లారేసరికి పులుపు బాగా పడుతుందని. ఏటా అలాగే చేశారు, ఏటా ఏమీ కాలేదు.

దానికి రెండు రోజుల ముందు నేను ఆ గుండిగలో పప్పు వండి మాడబెట్టాను. అడుగంతా నల్లగా అంటుకుపోయింది. అత్తయ్య చేలో ఉంది. ఆవిడ వచ్చేలోగా తోమేయాలని నా ఆత్రం. పేటలో కొన్న స్టీలు పీచు ఉంది, అప్పుడే కొత్తగా వస్తున్నాయి అవి. దాంతో పట్టుపట్టి రుద్దాను. మాడు పోయింది. మాడు కింద ఎర్రటి రాగి తొంగిచూసింది. ఎంత బాగుందో! పాత మసి పోయి అసలు గిన్నె బయటపడుతోందని నేను మురిసిపోయాను. అడుగు ఎర్రబడితే అంచులు తెల్లగా వెలవెలబోయినట్టు కనిపించాయి. అంచుల దాకా రుద్దాను. వేళ్ళు తెగి రక్తం వచ్చింది. ఆపలేదు. గిన్నెకి పూసిన తగరమంతా నా చేతులతో గీకేశాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. ఆ ఊళ్ళో ఆ పని చేయకూడదని తెలియాల్సిన మొదటి మనిషిని నేనే, చేసిందీ నేనే.

గుండిగ బోర్లించి పెట్టాను. వంటరోజు సాయంత్రం కరెంటు లేదు. పొయ్యి వెలుతురులో ఎవరూ లోపలికి చూడలేదు.

తెల్లారి పులుసు మూత తీసింది నేనే. పులుసు ఆనిన అంచు చుట్టూ సన్నగా ఒక గీత. లేత నీలం, కాస్త ఆకుపచ్చ. ఒక్క క్షణం ఆగాను. ఆగి, తడిగుడ్డతో తుడిచేసి గరిటెతో కలిపాను. ఈ క్షణం గురించి ఎన్నిసార్లు ఆలోచించానో లెక్కలేదు. ఆ రంగు ఏమిటో పరీక్ష పేపర్లో అడిగితే రాసేదాన్ని. పులుసు మీద చూస్తే చిలుం అనుకుని తుడిచాను.

పదకొండింటికి ట్రాక్టర్లో అన్నాలు తీసుకెళ్ళాం. చిన్ని నా ఒళ్ళోనే కూర్చుని వచ్చింది. కూలీలతో కలిసి గట్టు మీద కూర్చుని తింది, వాళ్ళందరికన్నా ముందు. నేను కోడల్ని కాబట్టి చివర్లో తినాలి. నేను కంచం పెట్టుకునేలోపే ఒకావిడ మిరపసాళ్ళలో కూర్చుండిపోయి వాంతి చేసుకుంది. తర్వాత ఇంకొకామె. తర్వాత ఒకేసారి నలుగురు.

"మందు! మందు తగిలింది!" అని ఎవరో అరిచారు.

ఆ ఏడాది మా వైపు ఆ మాట వింటే మనుషులు పరుగెత్తేవారు. పత్తి పోయి, పక్క చేను రైతు పురుగుమందు తాగి చనిపోయి రెండు నెలలు కూడా కాలేదు. మా మిరపకీ ముందు వారమే మందు కొట్టారు. బావగారు ట్రాక్టర్ స్టార్ట్ చేయడానికి పరుగెత్తారు. చిన్ని నా దగ్గరికి నడుచుకుంటూ వచ్చి, "పిన్నీ, కడుపులో ఎవరో పట్టుకున్నారు" అంది. అని నా చీర మీద వాంతి చేసుకుంది.

లేత నీలం, కాస్త ఆకుపచ్చ.

నాకు తెలిసిపోయింది. అక్కడే, ఆ గట్టు మీదే తెలిసిపోయింది. పిల్లని ఎత్తుకుని ట్రాక్టర్ వైపు పరుగెత్తుతున్నాను గానీ, నా కళ్ళముందు తెగిన నా వేళ్ళూ ఎర్రటి గుండిగా తప్ప ఇంకేమీ లేవు. భయం అంటే అంతవరకు నాకు పరీక్ష భయం, బల్లి భయం. ఆ రోజు తెలిసింది, భయం వేస్తే నాలుక నోట్లో చెక్కముక్క అయిపోతుందని.

పేటలో ఒక నర్సింగ్‌హోమ్‌కి చేర్చాం. డాక్టరు గారు మొదట ఏం మందు కొట్టారని అడిగారు. తర్వాత నా చీర చూశారు. "ఇది పురుగుమందు కాదు. ఏ గిన్నెలో వండారు?" అన్నారు.

అప్పుడు చెప్పాలి నేను. నోరు తెరిచాను కూడా. బావగారు అప్పటికే చెబుతున్నారు: "రాగి గుండిగండీ. కళాయి వేయించాం, మూణ్ణెల్లన్నా కాలేదు." డాక్టరు గారు లోపలికి పరుగెత్తారు. వరండాలో ఎవరో అన్నారు, "అయితే తగరంలో సీసం కలిపుంటాడు." ఆ మాట అక్కడ పుట్టింది. మనిషి మనిషికీ చేరి, సాయంత్రానికి ఊరికి కూడా చేరింది. నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

సాయంత్రానికి కూలీలంతా తేరుకున్నారు. చిన్న ప్రాణం కాబట్టి చిన్నికి రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. ఆ రెండు రోజులు నేను మొక్కని దేవుడు లేడు. పిల్ల బతికితే చెప్పేస్తానని అమరేశ్వరుడికి మొక్కుకున్నాను. పిల్ల బతికింది. అమరావతి వెళ్ళి కొబ్బరికాయ కొట్టాను. చెప్పడం మాత్రం చెప్పలేదు.

మూడోరోజు సాయిబుని పక్క ఊరినుంచి బండి మీద ఎక్కించుకొచ్చారు. మా వాకిలి నిండా జనం. మామయ్యగారు గుండిగని ఆయన కాళ్ళముందు దొర్లించారు. ఆయన కూర్చుని లోపలికి చూశాడు. వేలు పెట్టి అడుగు తడిమాడు, అంచు తడిమాడు. రాగి తప్ప ఏమీ లేదు. తర్వాత మెల్లగా తల ఎత్తి, గుమ్మంలో నిలబడ్డ నా వైపు చూశాడు. నా వేళ్ళకి పసుపుగుడ్డ కట్టు ఉంది. చేతులు చీరలో దాచుకున్నాను. ద్వారబంధానికి ఆనుకున్నాను. ఇప్పుడు చెప్పేస్తాడు, ఇక నా బతుకు అయిపోయింది అనుకున్నాను.

"నాదే తప్పయ్యా. తగరం నిలబడలేదు" అన్నాడు.

బావగారు ఆయన కొలిమి తిత్తిని కాలితో తన్నారు. ఊళ్ళో మళ్ళీ కనపడితే కాళ్ళు విరగ్గొడతామన్నారు. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని లేచాడు.

"పాప బాగుందా అయ్యా?"

ఎవరూ పలకలేదు. నేనూ పలకలేదు.

ఆ తర్వాత ఏ ఊళ్ళోనూ ఆయన కొలిమి వెలగలేదని విన్నాను. స్టీలు గిన్నెలు వచ్చేశాయి, కళాయి పని ఎలాగూ పోయేదే అని నాకు నేను చెప్పుకున్నాను. ఇంకో కథ కూడా చెప్పుకున్నాను, అది ఇంకా బాగుండేది. ఆయన నా వేళ్ళ కట్టు చూశాడు, జరిగింది తెలుసుకున్నాడు, కొత్త కోడలి కాపురం పోతుందని నన్ను కాచాడు. ఇలా అనుకుంటే కృతజ్ఞత పుడుతుంది, నిద్ర పడుతుంది. నేను అలా ఎనిమిదేళ్ళు నిద్రపోయాను.

ఆ ఎనిమిదేళ్ళలో మేము గుంటూరు వచ్చేశాం. ఒక రోజు మా డిగ్రీ కాలేజీ ల్యాబులో ప్రాక్టికల్స్ జరుగుతుంటే ఒక అమ్మాయి తొందరలో, మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేట్, కలిపిన నీళ్ళున్న బీకరులోకి ఆక్సాలిక్ ఆమ్లం పోసేసింది. చూస్తుండగానే పాలు విరిగినట్టు లేత నీలం పొడి అడుక్కి దిగింది.

"సారీ మేడమ్, పారబోసెయ్యనా?"

వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. పక్క డిపార్ట్‌మెంట్ జియాలజీ ఆయన ఏదో పని మీద వచ్చి, బీకరు వంక చూసి నవ్వాడు.

"మేడం, ఇది రాయిగా కూడా దొరుకుతుంది తెలుసా? చాలా అరుదు. మూలూయైట్ అంటారు. ఆస్ట్రేలియాలో మూలూ డౌన్స్ అని ఒక చోటుంది, దాని పేరే పెట్టారు."

"రాయిగా ఎలా వస్తుందండీ? ఆక్సలేటు చెట్టూ చేమా చేసుకునేది కదా."

"అదే విచిత్రం. రాగి ఖనిజం బయటపడి ఉన్న బండ మీద పక్షులు వాలతాయి. రెట్టల్లోంచి ఆక్సలేటు, బండలోంచి రాగి. కాస్త తడి తగిలితే రెండూ కలుస్తాయి. పుట్టుకలో సగం ప్రాణి, సగం రాయి. ఆ బండే ఉండాలి, దాని మీదే పక్షి వాలాలి. అందుకే అంత అరుదు."

ఆయన వెళ్ళాక బోర్డు మీద దాని నిర్మాణం గీశాను, పిల్లల కోసం అన్నట్టు. ఆక్సలేటు అంటే జంటగా కలిసిన రెండు కార్బన్లు, వాటి చుట్టూ నాలుగు ఆక్సిజన్లు. రెండు ఆక్సిజన్లతో ఇటు ఒక రాగిని పట్టుకుంటుంది, మిగతా రెండింటితో అటు ఇంకో రాగిని పట్టుకుంటుంది. ఆ రాగిని అవతలినుంచి ఇంకో ఆక్సలేటు పట్టుకుంటుంది. అలా దండ గుచ్చినట్టు సాగుతుంది. దండల సందుల్లో కాసిని నీళ్ళు, ఇన్నని లెక్క లేకుండా. ఒకసారి పట్టుకుంటే నీళ్ళలో వేసినా కరగదు. సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయాను. పట్టుకుంటది, పట్టుకుంటే వదలదు. చావిడి దగ్గర నవాసాగరం పొగలో ఆయన చెప్పింది ఇదే. నేను తల ఊపింది దీనికే.

ఆ పక్షులకీ ఆ బండకీ ఎన్నేళ్ళు పట్టిందో. నాకు ఆక్సలేటున్న గోంగూరా ఒక్క రాత్రీ సరిపోయాయి. గుండిగ అంచున నేను తుడిచేసిన గీత ఆ పదార్థమే. అది కరగదు కాబట్టి అదంత ప్రమాదం కాదు. గోంగూరలో ఇంకా వేరే పులుపులున్నాయి. వాటితో కలిసి కంటికి కనపడకుండా పులుసులోకి దిగిన రాగే పిల్ల కడుపుని పట్టుకుంది. సీసానికి ఈ నీలం రాదు. ఇది రాగి రంగు. పిల్లని పట్టుకున్నది సీసం కాదని చెప్పడానికి ఆ రంగు ఒక్కటి చాలు. ఆ రంగు నా చీర మీద ఉంది, కడ్డీ ఏడవడం నా చెవిలో ఉంది. రెండు సాక్ష్యాలూ నా దగ్గరే పెట్టుకుని నేను ద్వారబంధానికి ఆనుకుని నిలబడ్డాను.

మరుసటి ఏడు బావగారు మిర్చి యార్డుకి సరుకు తెస్తే క్యారేజీ తీసుకెళ్ళాను. కమీషన్ కొట్టు ముందు మిరపకాయల రాశుల మధ్య ఒక ముసలాయన దబ్బనంతో గోతాలు కుడుతున్నాడు. "గుర్తుపట్టావా? ఆ కళాయి సాయిబే. ఇక్కడ చేరాడు" అని బావగారు వేలంపాట దగ్గరికి వెళ్ళిపోయారు.

మిరప ఘాటుకి ఆయన ఒకటే దగ్గుతున్నాడు. కొట్లో కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచుకుని దగ్గరికి వెళ్ళాను. నన్ను పోల్చుకుని లేవబోయాడు. కూర్చోమన్నాను.

"పాప బాగుందా అమ్మా?"

తొమ్మిదేళ్ళ కిందటి ప్రశ్న.

"బాగుంది. టెన్త్‌కి వచ్చింది."

"అల్లా దయ" అని కళ్ళు మూసుకున్నాడు. గ్లాసు పక్కన పెట్టి, ఆయన ముందు గోతం మీద కూర్చున్నాను.

"సాయిబు గారూ, మీరు ఆ రోజు నన్ను కాచారు. నాకు తెలుసు."

ఆయనకి అర్థం కాలేదు. "నేనా? మిమ్మల్నా?"

"నా వేళ్ళ కట్టు చూశారు కదా."

"ఏం కట్టమ్మా?"

నా కథ అక్కడ ఊడిపోయింది. ఆయన ఏమీ చూడలేదు. ఏమీ తెలియదు. ఎవర్నీ కాచలేదు, మా వాళ్ళకి భయపడి తప్పు తనదని అననూ లేదు. ఎర్రటి గుండిగని చూసి, తన తగరమే ఊడిపోయిందని నిజంగా నమ్మాడు.

"ఆ కడ్డీ సరిగ్గా ఏడవలేదమ్మా. అనుమానంగానే ఉంది. అయినా వేశా. మీరు ఏడ్చిందన్నారు గానీ, మీకేం తెలుసు పాపం, చిన్నపిల్ల మీరు. తప్పు నాది. ఆ తరవాత కొలిమి ముట్టించాలంటే చెయ్యి రాలా. ఇంకెవరి పిల్లకి పెడతానో విషం, అని భయం."

చెప్పాను. అంతా చెప్పాను. మాడిన పప్పు, స్టీలు పీచు, అంచున గీత, పిల్ల వాంతి రంగు. అది రాగి అనీ, సీసం అయితే ఆ రంగు రాదనీ చెప్పాను. దబ్బనం పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అయితే తగరం మంచిదేనా?"

"మంచిదే సాయిబు గారూ."

"నా చెవులు?"

"చెవులూ మంచివే. అది ఏడ్చింది. నేను విన్నాను."

ఆయన మొహం మీదకి ఒక వెలుగు వచ్చింది. నేను అబద్ధం చెప్పను, గిన్నెలో దూది తిరిగినప్పుడు వచ్చే వెలుగే అది. ఒక్క నిమిషం ఉంది. తర్వాత ఏదో ఆలోచించాడు.

"ఈ రంగు సంగతి మీకిప్పుడు తెలిసిందా అమ్మా, అప్పుడే తెలుసా?"

అబద్ధం చెప్పొచ్చు. ఈమధ్యే ల్యాబులో చూశాననొచ్చు, అది సగం నిజమే.

"అప్పుడే తెలుసు" అన్నాను. "భయమేసింది."

ఆయన తల ఊపాడు. కోపం లేదు. దగ్గు వచ్చింది, చాలాసేపు దగ్గాడు. నేను గ్లాసు తీసి అందించాను. తీసుకున్నాడు. లోపలికి చూడలేదు, వెలుతురుకి తిప్పలేదు. గ్లాసు చేత్తో పట్టుకుని నా మొహం వంక చూశాడు.

"దాహం లేదమ్మా" అని కింద పెట్టేశాడు.